నాలుగంగుళాల బెజ్జం

ఆ మాట చెవిన పడేసరికి ప్రసన్నకుమార్ అన్నంలో పులుసు కలుపుకుంటున్నాడు.

"కోరుకొండ రోడ్డులో రాజుగారి మేడ లేదూ, నువ్వు కరెంటు పని చేసింది? దాని కింద సెల్లార్లో ఒక నర్సమ్మగారు అద్దెకుంటున్నారు, జ్ఞానమ్మగారని," అంది నాగదుర్గ, కంచంలో మరో చేప ముక్క వేస్తూ. పొద్దున్నే కోటిలింగాల రేవులో చేపలు కొని, ఆటోలో ఆ వైపు వెళ్ళి, బేసిను నెత్తిన పెట్టుకుని ఇంటింటికీ తిరిగి అమ్మి వస్తుంది ఆమె. ఏ ఇంట్లో ఏం జరిగిందో మధ్యాహ్నం అన్నాల దగ్గర మొగుడికి చెప్పడం అలవాటు. "పాపం, వాళ్ళమ్మాయి మొన్నాదివారం స్నానం చేసి బయటికొస్తూ గుమ్మంలోనే పడిపోయిందంట."

ప్రసన్నకుమార్ తలెత్తాడు.

"సెల్లార్లోనా? అక్కడ మనుషులెప్పుడు దిగారు?"

"రెండు నెలలవుతోంది. రాజుగారి పిల్లలు చదువులకి బెంగుళూరు వెళ్ళిపోయాక ఆ సినిమా గది ఖాళీగానే ఉంటోందిగా, అద్దెకిచ్చారు. ఏం, ఉండకూడదా?"

"ఆ అమ్మాయి ఎందుకు పడిపోయిందంట?"

"రక్తం తక్కువన్నారంట. బిళ్ళలిచ్చారు. రోజూ స్నానం చేసొచ్చాక తలనొప్పంట, వాంతొచ్చినట్టు ఉంటదంట. చలికాలం కదా, వేణ్ణీళ్ళకి గ్యాస్ గీజరు కూడా పెట్టించుకున్నారు పోయిన నెల్లో. అంత సుఖంగా స్నానం చేస్తూ కూడా ఆ పిల్లకి ఏంటో ఈ..."

"బాత్రూంలోనా గీజరు?"

"బాత్రూంలో కాకపోతే వంటింట్లో పెడతారా? ఏంటయ్యా, అన్నం తినకుండా ఈ ప్రశ్నలు?"

ప్రసన్నకుమార్ కంచంలోకి చూస్తూ కూర్చున్నాడు. ముద్ద నోట్లో పెట్టుకోబోయి మళ్ళీ కంచంలో వదిలేశాడు. నాగదుర్గ చెప్పుకుపోతూనే ఉంది. ఇవాళ సాయంత్రం వాళ్ళ చర్చిలో సెమీ క్రిస్మసంట, ఆ అమ్మాయి అశ్విని పాటల్లో ఉందంట, కాలేజీ నుంచి రాగానే తలస్నానం చేసి వెళ్ళాలంట, అందుకే ఇవాళ చేప వద్దన్నారంట జ్ఞానమ్మగారు.

అతను లేచి చెయ్యి కడిగేసుకున్నాడు.

"సగం కూడా తినలేదు!"

"పనుంది," అని చొక్కా తగిలించుకున్నాడు. పనిముట్ల సంచీ కోసం ఇల్లంతా వెతికాడు. అది రోజూ ఉండే మేకుకే వేలాడుతోంది.

*

రెండేళ్ళ కిందట ఆ మేడ పని చేసినప్పుడు అతనికి ఊళ్ళో మంచి పేరుంది. శ్రీనివాసరాజుగారిది భీమవరం వైపు. రొయ్యల చెరువులు అక్కడ, కాపురం ఇక్కడ. వాలుగా ఉన్న స్థలంలో కట్టడంతో కింద సగం భూమిలోకి దిగిన ఒక సెల్లార్ వచ్చింది. దాన్ని సినిమా గదిగా చేయించి, పక్కనే ఒక బాత్రూం పెట్టించారు. బాత్రూముకి కిటికీ లేదు. పైకప్పులో ఎగ్జాస్ట్ ఫ్యాను బిగించి, అక్కడి నుంచి పైపు వేసి, గోడకి నాలుగంగుళాల బెజ్జం కొట్టి గాలి బయటికి పంపాలి. కాగితం మీద అంతే పని.

కానీ అది మట్టిని ఆపడానికి పోసిన అడుగు మందం కాంక్రీటు గోడ. సుత్తీ ఉలీ పెడితే లోపల టైల్సు పగులుతాయి. దానికి గోడని గుండ్రంగా కోసే కోర్ కటింగ్ మిషను కావాలి. ఆ మిషను ఉన్నది అబ్రహాము అనే తోటి పనివాడి దగ్గర. గృహప్రవేశం మర్నాడు పెట్టుకుని, ఆ రోజు అబ్రహాము రాలేదు. ఫోను ఎత్తలేదు. పైన తోరణాలు కడుతున్నారు, కింద ప్రసన్నకుమార్ పైపు చేత్తో పట్టుకుని నిలబడి ఉన్నాడు. సాయంత్రం దాకా చూసి, ఆ పైపు కొసని ఫాల్స్ సీలింగులోకి తోసేసి పలక మూసేశాడు. అక్కడితో ఆగినా బాగుండేది. ఫ్యాను పెట్టెలో వచ్చిన తెల్లటి జాలీ ఒకటి మిగిలింది. దాన్ని తీసుకెళ్ళి బయట పక్కసందులో, బెజ్జం ఉండాల్సిన చోట, వట్టి గోడ మీద నాలుగు స్క్రూలతో బిగించేశాడు.

రాజుగారు వచ్చి లోపల స్విచ్చి వేసి ఫ్యాను చప్పుడు విన్నారు. బయటికొచ్చి జాలీ చూశారు. "బాగుంది ప్రసన్నా," అన్నారు.

వారంలో వచ్చి కొట్టేద్దాం అనుకున్నాడు అతను. వారం గడిచింది. రావులపాలెంలో ఇంకో ఇల్లు ఒప్పుకున్నాడు. ఆ తర్వాత, ఎవరు స్నానం చేస్తారులే అక్కడ, సినిమా చూసేవాళ్ళు కాళ్ళు కడుక్కుంటారు, అనుకున్నాడు. ఆ తర్వాత అనుకోవడం కూడా మానేశాడు.

*

అతను వెళ్ళేసరికి మూడైంది. సెల్లార్ తలుపుకి తాళం. పైన ఇంటికీ తాళమే. రాజుగారికి ఫోను చేశాడు. మోగి మోగి ఆగిపోయింది. మళ్ళీ చేశాడు. మూడోసారి చేస్తూనే పక్కసందులోకి నడిచాడు.

జాలీ అక్కడే ఉంది, మోకాలి ఎత్తులో. కొంచెం పసుపు తిరిగింది, అంతే. చూసిన ఎవరికైనా దాని వెనక గాలి దారి ఉందనే అనిపిస్తుంది. అతను దాని ముందు చెయ్యి పెట్టి చూశాడు, పిచ్చిగానే. ఏం వస్తుంది?

మెట్ల మీద కూర్చున్నాడు. లేచాడు. గేటు దాకా వెళ్ళి రోడ్డుకి అటూ ఇటూ చూశాడు. ఆ అమ్మాయి ఏ కాలేజీయో తెలియదు, మొహం తెలియదు. తలుపుకి చీటీ అంటించి వెళ్దామనుకున్నాడు. చీటీలో ఏం రాయాలి? గీజరు వెయ్యకండి అని రాస్తే, ఎవరు రాశారో అని చింపి పారేస్తే? నాగదుర్గకి ఫోను చేశాడు.

"ఆ నర్సమ్మగారి నంబరుందా?"

"నాకెందుకుంటది? ఆవిడ పని చేసే ఆసుపత్రి తెలుసు. స్టేడియం వెనక. అసలేంటయ్యా సంగతి?"

అతను ఫోను పెట్టేసి బండి తీశాడు. ట్రాఫిక్ మధ్యలో రెండుసార్లు ఆగాల్సొచ్చింది. ఆగిన ప్రతిసారీ కాలు నేల మీద నిలవలేదు. ఆసుపత్రి కౌంటర్లో కూర్చున్నామె జ్ఞానమ్మ సిస్టరా, డ్యూటీ అయిపోయింది, ఇప్పుడే బస్సెక్కుంటారు, అంది. ఆ 'ఇప్పుడే' అరగంట కిందటిదో, ఐదు నిమిషాల కిందటిదో అడగడానికి కూడా ఆగలేదు అతను.

తిరిగి వచ్చేసరికి సెల్లార్ తలుపు తీసి ఉంది. నలభై అయిదేళ్ళ మనిషి, ఇంకా ఆసుపత్రి చీరలోనే, గుమ్మంలో కూర్చుని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తోంది. లోపల నీళ్ళ చప్పుడు.

"సిస్టర్‌గారండీ, మీ అమ్మాయి..."

"ఎవరండీ మీరు?"

"ఈ ఇంటికి కరెంటు పని చేసినోణ్ణండి. మీ అమ్మాయి స్నానం చేస్తోందా?"

ఆ ప్రశ్నకి జ్ఞానమ్మ మొహం మారిపోయింది. ముక్కూ మొహం తెలియని మగాడు వచ్చి అడిగే మాటా అది? ఆమె లేచి గుమ్మానికి అడ్డంగా నిలబడింది. "దాంతో మీకేం పని?"

"ఎంతసేపైందండి లోపలికెళ్ళి?"

"చూడండి, ముందు మీరు బయటికి..."

చెప్పి ఒప్పించే వేళ కాదని అతనికి తోచింది. ఆమె పక్కనుంచి దూరి లోపలికి పరుగెత్తాడు. బాత్రూం తలుపు కింద పాతచీర ముక్క మడిచి దోపి ఉంది. కాలితో దాన్ని ఈడ్చేసి, రెండు చేతులతో తలుపు బాదాడు.

"అమ్మా! గీజరు కట్టేసి బయటికి వచ్చెయ్యమ్మా! తొందరగా!"

వెనక నుంచి జ్ఞానమ్మ అతని చొక్కా పట్టుకుని లాగుతోంది. "మీకేమైనా మతి పోయిందా? పోలీసుల్ని పిలుస్తాను!"

లోపల నీళ్ళ చప్పుడు ఆగింది. కాసేపు ఏమీ వినపడలేదు. ప్రసన్నకుమార్ మళ్ళీ బాదాడు. తర్వాత సన్నగా, చిరాగ్గా ఒక గొంతు. "వస్తున్నా... ఎవరది?"

అతను గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. గొళ్ళెం తీసిన చప్పుడైంది. ఇరవయ్యేళ్ళ పిల్ల, నైటీ తడితడిగా ఒంటికి తగిలించుకుని, తలకి తువ్వాలు చుట్టుకుని గడప దాటింది. రెండడుగులు వేసి, "అమ్మా, మళ్ళీ తల తిరుగుతోందే," అని అక్కడే నేల మీద కూలబడింది.

"ముందు బయటి గాలికి తీసుకెళ్ళండి. తర్వాత నన్నేమైనా అనండి," అన్నాడతను. తను వెళ్ళి గ్యాసు బండ దగ్గర రెగ్యులేటరు తిప్పేసి, ఊడదీసి పక్కన పెట్టాడు.

మెట్ల మీద కూర్చోబెట్టాక అశ్విని ఒకసారి వాంతి చేసుకుంది. మొహం కడుక్కుంది. కొంచెం తేరుకుని ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. జ్ఞానమ్మ కూతురి మణికట్టు పట్టుకుని నాడి చూస్తోంది. చూస్తూనే అడిగింది, ఈసారి నర్సు గొంతుతో.

"గ్యాసంటారా? గీజరు వల్లంటారా? ఫ్యాను వేసుకునే చేస్తుందండీ స్నానం. ఫ్యాను లేకుండా గీజరు వెయ్యొద్దని నేనే రోజూ చెప్తాను. పెట్టడానికొచ్చిన అబ్బాయి కూడా ఎగ్జాస్ట్ ఉందిగా, ఫర్వాలేదన్నాడు. బయట జాలీ కూడా చూసి మరీ చెప్పాడు."

ప్రసన్నకుమార్ "ఇలా రండి," అని సందులోకి నడిచాడు.

జేబులోంచి స్క్రూడ్రైవరు తీసి జాలీ ముందు గొంతుక్కూర్చున్నాడు. రెండు స్క్రూలు తేలిగ్గా వచ్చాయి. తుప్పు పట్టిన మిగతా రెండూ కిర్రుమంటూ కదిలాయి. జాలీ చేతిలోకి ఊడి వచ్చింది.

వెనక గోడ. ఎండా వానా తగలని ఆ జానెడు చదరం మేర రంగు గృహప్రవేశం నాటి తెలుపుతోనే ఉంది. ఒక మూల బల్లి పెట్టిన గుడ్ల పెంకులు రెండు అంటుకుని ఉన్నాయి. అంతే.

జ్ఞానమ్మ వంగి ఆ తెల్లటి ముక్క మీద అరచెయ్యి ఆనించింది. వేలితో తట్టి చూసింది.

"చలిగా ఉందంటే తలుపు కింద గుడ్డ పెట్టుకోమన్నది నేనేనండి," అంది చివరికి. "ఫ్యాను ఉందిగా అని."

"తప్పు నాదండి."

"అది తెలుస్తూనే ఉంది," అని ఆమె లేచింది. "ఆటో పిలవండి."

*

ఆసుపత్రిలో రక్తం తీసి చూశారు. గీజరు మంట నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడు లోపలికి పోయిందనీ, ఇన్నాళ్ళూ కొంచెం కొంచెంగా పోతూనే ఉందనీ డాక్టరు చెప్పారు. ముక్కు మీద మాస్కు పెట్టి ఆక్సిజన్ ఎక్కించారు. వరండాలో బెంచీలు ఖాళీగా ఉన్నా ప్రసన్నకుమార్ కూర్చోలేకపోయాడు. మంచినీళ్ళ కుండ దాకా నడిచేవాడు, తిరిగి వచ్చేవాడు. జ్ఞానమ్మ ఒకసారి బయటికొచ్చి, "ప్రమాదం లేదన్నారు. మీరింక వెళ్ళండి," అంది. కృతజ్ఞత లేదు ఆ గొంతులో, కోపం కూడా లేదు. అదే అతనికి ఎక్కువ గుచ్చుకుంది.

ఇంటికెళ్ళి నాగదుర్గకి అంతా చెప్పాడు. ఆమె చేపల బేసిను తోముతూ విన్నది, మధ్యలో ఒక్క మాట అడ్డం రాకుండా. అతను ఆపాక చెయ్యి తుడుచుకుంది.

"నేను అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ మొప్ప ఎత్తి చూపించి మరీ అమ్ముతాను," అంది. "అది ఎర్రగా లేకపోతే, లేదమ్మా ఇవాళ వద్దని నేనే చెప్తాను. నువ్వు మొప్పకి రంగు పూసొచ్చావు కదయ్యా."

మధ్యాహ్నం వదిలేసిన పులుసు వెచ్చబెట్టి పెట్టింది. అతనికి ఇప్పుడూ సహించలేదు.

*

మర్నాడు పొద్దున్న రాజుగారు భీమవరం నుంచి తిన్నగా కారులో దిగారు. ప్రసన్నకుమార్ అప్పటికే గేటు దగ్గరున్నాడు. ఫోనులో చెప్పేశాడు గానీ, జాలీ ఊడిన గోడని కళ్ళతో చూసేసరికి ఆయనకి మొహం కందిపోయింది.

"నా గృహప్రవేశానికొచ్చిన ప్రతివాడికీ ఇల్లంతా తిప్పి చూపించాను ప్రసన్నా. ఇది కూడా చూపించాను. నలుగురిలో నన్ను వెర్రివెధవని చేశావు."

"అవునండి."

"అవునండంటే? ఆ పిల్లకి ఏమన్నా అయ్యుంటే నా గతేంటి?"

"అదే, ఇవాళే కొట్టేస్తానండి బెజ్జం. అబ్రహాముని..."

"ఏం అక్కర్లేదు. గోడకి బెజ్జం పెడితే వానాకాలం నీళ్ళన్నీ లోపలికొస్తాయి. వాళ్ళని ఖాళీ చేయించేస్తాను. తాళం వేసుకుంటాను. గొడవ వదిలిపోతుంది."

అప్పుడు అర్థమైంది ప్రసన్నకుమార్‌కి, నిజం చెప్పడం వల్ల వాళ్ళకి ఉన్న గూడు కూడా పోయేలా ఉందని. రాత్రే ఆసుపత్రి నుంచి వచ్చిన తల్లీకూతుళ్ళు లోపలే ఉన్నారు. అన్నీ వినపడుతూనే ఉన్నాయి. జ్ఞానమ్మ చీర కొంగు సర్దుకుంటూ మెట్లెక్కి పైకొచ్చింది.

"ఖాళీ చెయ్యమంటే చేస్తామండి రాజుగారు. మీ ఇల్లు, మీ ఇష్టం. కానీ బెజ్జం కొట్టించాకే వెళ్తాం."

"అదేంటమ్మా?"

"తాళం ఎన్నాళ్ళుంటుందండి? మా తర్వాత ఎవరో ఒకరు దిగుతారు. మీ పిల్లలే సెలవులకొచ్చి దిగొచ్చు. వాళ్ళూ స్నానం చేస్తారు. ఫ్యాను చప్పుడు విని నమ్ముతారు, మేం నమ్మినట్టే."

పిల్లల మాట వచ్చేసరికి రాజుగారు సందు వైపు చూశారు. కారు తాళాలు చేతిలో అటూ ఇటూ మార్చుకున్నారు. "నీళ్ళు రాకుండా చెయ్యగలవా?" అన్నారు, ప్రసన్నకుమార్ వైపు చూడకుండా.

"బయటికి వాలు పెడతానండి. పైన గొడుగు మూత వస్తుంది. చుక్క రాదు."

"నువ్వు చెప్తే కాదు. నేను నిలబడి చూస్తాను."

*

అబ్రహాము మండపేటలో ఒక రైసుమిల్లులో పని మీద ఉన్నాడు. ఎల్లుండి వస్తానన్నాడు ఫోనులో. ప్రసన్నకుమార్ బండేసుకుని మండపేటే వెళ్ళాడు. ధాన్యం లారీలు వరసగా ఆగిన రోడ్డులో వాటి మధ్య సందులు చూసుకుంటూ దూరి, ఊక దుమ్ములో తెల్లగా నిలబడ్డ అబ్రహాముని పట్టుకున్నాడు.

"రెండేళ్ళు ఆగినోడివి రెండ్రోజులు ఆగలేవా?" అన్నాడు అబ్రహాము.

"ఆగలేను."

అబ్రహాము అతని మొహం చూశాడు. తలకి కట్టుకున్న తువ్వాలు విప్పి దులుపుకున్నాడు. "ఆ రోజు మా తమ్ముడి పెళ్ళిచూపులు. ఫోను కావాలనే ఎత్తలేదురా. పోనీలే, ఎవడో ఒకడు చేస్తాడనుకున్నాను," అన్నాడు. తర్వాత మిషను విప్పి ట్రాలీ ఆటోలోకి ఎక్కించాడు.

పన్నెండింటికి పని మొదలైంది. లోపల ఫాల్స్ సీలింగు పలక విప్పగానే ఆ పైపు కొస అలాగే ఉంది, ఎటూ పోకుండా. చుట్టూ పలకలన్నీ నల్లటి బూజు. ప్రసన్నకుమార్ లోపలా బయటా కొలిచి, రెండు చోట్లా గుర్తు పెట్టి, మళ్ళీ కొలిచాడు. ఇంకోసారి కొలవబోతే అబ్రహాము టేపు లాక్కున్నాడు.

మిషను గోడకి బిగించి, నీళ్ళ గొట్టం తగిలించి, మీట నొక్కారు. ఇల్లంతా అదిరింది. బూడిదరంగు నీళ్ళు జావలా కారుతూ సందులో పారాయి. బ్లేడు అంగుళం అంగుళం లోపలికి పోతోంది. ఎనిమిదంగుళాల దగ్గర గొంతు మారి, కీచుమని అరిచి ఆగిపోయింది.

"ఇనప ఊచ తగిలింది," అన్నాడు అబ్రహాము. "పక్కకి జరుపుదామా?"

"పక్కన బీము. ఇక్కడే పోవాలి."

"బ్లేడు పోతుంది."

"పోనీ."

అబ్రహాము నిదానంగా మళ్ళీ మొదలెట్టాడు. కొంచెం నొక్కడం, వెనక్కి తియ్యడం, నీళ్ళు పొయ్యడం, మళ్ళీ నొక్కడం. రాజుగారు కుర్చీ వేయించుకున్నారు గానీ కూర్చోలేదు. ప్రసన్నకుమార్ లోపలికి వెళ్ళేవాడు, గోడ మీద చెవి పెట్టేవాడు, బయటికి వచ్చేవాడు. ముప్పావుగంటకి ఆ అరుపు ఆగి చప్పుడు మెత్తబడింది. లోపలి వైపు టైలు మీద గుండ్రంగా ఒక గీత పడింది. తర్వాత అడుగు పొడుగు కాంక్రీటు దుంగ ఒకటి, మధ్యలో ఊచ మెరుస్తూ, బయటికి జారింది.

చీకటి బాత్రూంలోకి గుండ్రంగా ఎండ పడింది.

చప్పుడు ఆగాక అశ్విని వచ్చి స్టూలెక్కి ఆ బెజ్జంలోంచి బయటికి చూసింది. అవతల సందులో కూర్చున్న ప్రసన్నకుమార్ మొహం ఆమెకి ఎదురుగా ఉంది. ఇద్దరి మధ్యా అడుగు మందం గోడ.

"అంకుల్, ఒకటడగనా?"

"అడగమ్మా."

"పని అవ్వలేదని ఏమీ పెట్టకుండా వదిలేసినా మేం చూసుకునేవాళ్ళం కదా. బెజ్జం లేదేంటని అడిగేవాళ్ళం. ఆ జాలీ ఎందుకు పెట్టారు?"

అబ్రహాము వైరు చుట్టడం ఆపి చూశాడు. రాజుగారు చూశారు. ప్రసన్నకుమార్ చెప్పడానికి చూశాడు. మర్నాడు ముహూర్తమనీ, మంచి పేరనీ, వారంలో వద్దామనుకున్నాననీ, అన్నీ నోటి దాకా వచ్చాయి. ఆ పిల్ల కళ్ళ కింద నలుపు చూశాక ఏదీ బయటికి రాలేదు.

"తప్పు చేశానమ్మా," అన్నాడు. అది జవాబు కాదని ఇద్దరికీ తెలుసు. ఆమె స్టూలు దిగి వెళ్ళిపోయింది.

మిగతా పని అతను ఒక్కడే చేశాడు, ఎవర్నీ చెయ్యి వెయ్యనివ్వలేదు. పైపుని బయటికి వాలేలా పెట్టి చుట్టూ సందులు పూడ్చాడు. ఫ్యాను నుంచి గోడ దాకా వంపు లేకుండా బిగించాడు. బయట గొడుగు మూత, దాని కింద గాలి వచ్చినప్పుడే తెరుచుకునే రెక్క, బల్లులూ ఎలకలూ దూరకుండా వల. తలుపు విప్పి కింద అంగుళం మేర కోసేశాడు.

"మంచి టేకు తలుపురా అది!" అన్నారు రాజుగారు.

"లోపలికి గాలి రాకపోతే ఫ్యాను బయటికేం పంపుతుందండి?"

గ్యాస్ గీజరు పూర్తిగా విప్పేశాడు. ఫ్యాను బాగైనా సరే, అది బాత్రూంలో ఉండకూడదన్నాడు. తనే కొని తెచ్చిన కరెంటు గీజరు ఆ చోట బిగించాడు. రాజుగారు అడ్డు చెప్పలేదు. ఖాళీ మాటా మళ్ళీ ఎత్తలేదు.

అంతా అయ్యాక స్విచ్చి వేసి, "చూడండి సిస్టర్‌గారు," అన్నాడు.

"మీరు బయటికి రండి," అంది జ్ఞానమ్మ.

క్రిస్మస్‌కి తెచ్చుకున్న కొవ్వొత్తుల్లో ఒకటి వెలిగించి, లోపలికెళ్ళి తలుపు మూసుకుంది. అందరూ బయటే నిలబడ్డారు. ఎంతకీ రాదు. కొవ్వొత్తి ఆర్పి, ఆ పొగ ఎటు పోతోందో చూసి, మళ్ళీ వెలిగించి, మళ్ళీ ఆర్పి చూసిందట, నాలుగు మూలల్లోనూ. తర్వాత తలుపు తీసుకుని, మెట్లెక్కి, సందులోకి వెళ్ళి, గొడుగు మూత ముందు వంగింది. రెక్క పైకి లేచి కొట్టుకుంటోంది. ఆమె మొహం దగ్గరగా పెట్టి వాసన చూసింది. నుదుటి మీద వెంట్రుకలు వెనక్కి ఎగిరాయి.

"వస్తోంది," అంది.

ప్రసన్నకుమార్ గుండెల్లోంచి బరువు దిగుతుందనుకున్నాడు. దిగలేదు. ఆమె అతని వైపు తిరిగింది.

"మేం వచ్చే నెల వెళ్ళిపోతున్నామండి. రాజుగారికీ చెప్పాను. ఆసుపత్రి దగ్గరే తోటి సిస్టరు వాళ్ళ మేడ మీద రెండు గదులు మాట్లాడుకున్నాం. కిటికీలున్నాయి."

"పని సరిగానే అయిందండి, ఇంకేం భయం..."

"అయింది. నేనే చూశానుగా," అంది జ్ఞానమ్మ. "కానీ ఆ పిల్ల ఇప్పుడు తలుపు తీసి పెట్టుకుని స్నానం చేస్తానంటోంది. నేను బయట కుర్చీ వేసుకుని కూర్చోవాలంట." కొంగు దోపుకుని, "నిన్న మీరు రాకపోతే ఏమయ్యేదో నాకు తెలుసు. అదీ మర్చిపోను, ఇదీ మర్చిపోను," అని లోపలికి వెళ్ళిపోయింది.

*

మూడు రోజులు గడిచాయి. ప్రసన్నకుమార్ కొత్త పనులేవీ ఒప్పుకోలేదు. ఇంట్లో కూర్చుంటే లేస్తాడు, లేస్తే గుమ్మం దాకా వెళ్ళి వస్తాడు. పాత పనులన్నీ ఒక్కొక్కటే గుర్తొస్తున్నాయి. ఏ ఇంట్లో ఏది సరిగ్గా చేశాడో, ఏది మూత పెట్టి వచ్చేశాడో. కొన్ని స్పష్టంగా గుర్తున్నాయి. కొన్ని ఎంత తవ్వినా తేలడం లేదు.

నాలుగో రోజు పొద్దున్నే సంచీ భుజాన వేసుకున్నాడు.

"ఎక్కడికి?" అంది నాగదుర్గ, రేవుకి బయల్దేరబోతూ.

"యానాం. నాలుగేళ్ళ కిందట ఒక మేడ చేశాను. మోటారుకి షాకు కొట్టకుండా వేసే ఎర్త్ వైరు భూమిలోకి దింపానో, వట్టిగా గోడకి చుట్టేసి వచ్చానో గుర్తు రావట్లేదు."

"వాళ్ళు పిలిచారా?"

"లేదు."

"ఏమని వెళ్తావు?"

"ఏమో. చూస్తానంటాను."

నాగదుర్గ బేసిను కింద పెట్టి, లోపలికెళ్ళి టిఫిను డబ్బా తెచ్చి సంచీలో పెట్టింది. "గుర్తు రాకపోతే దింపలేదనే అనుకో," అంది.

అతను బండి తీశాడు. ద్రాక్షారామం దాటేసరికి ఎండెక్కింది. దారిలో టీ కొట్టు దగ్గర తెలిసినవాళ్ళెవరో చెయ్యూపి పిలిచారు. చెయ్యూపాడు గానీ ఆగలేదు. ఆ మేడ ఏ వీధిలో ఉందో, వాళ్ళింట్లో ఎవరెవరు ఉంటారో, ఆ మోటారు స్విచ్చి ఇవాళ పొద్దున్న ఎవరు వేశారో అనుకుంటూ, కాలవ గట్టు వెంట బండి ఇంకాస్త వేగంగా పోనిచ్చాడు.